మంటలు ఆరాక

సికింద్రాబాద్‌లో ఏడాది తిరగకముందే మూడు ఘోర అగ్నిప్రమాదాలు. 2022 మార్చిలో బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బిహార్ కూలీలు, సెప్టెంబరులో రూబీ హోటల్‌లో 8 మంది, 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చిన్నవయసు ఉద్యోగులు బలయ్యారు. ప్రతిసారీ ఫైరింజన్లు వచ్చాయి, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. మార్చురీ గుమ్మంలో కూలబడ్డ తల్లి పక్కన ఎలా కూర్చోవాలో తెలిసినవాళ్లు మనలో ఎందరు? అదీ నేర్చుకుంటేనే వచ్చే పని. చూడు, విను, సాయానికి చేర్చు అంటూ ఇలాంటి మానసిక ఆసరాపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే కరదీపిక వేసింది. ఏం జరిగిందో చెప్పమని గుచ్చి అడగొద్దనీ చెప్పింది. ‘ఏడవకు, ధైర్యంగా ఉండు’ అనే మన ఓదార్పు కన్నా గ్లాసెడు మంచినీళ్లిచ్చి పక్కన ఉండటం మేలు. మానసిక సాయానికి టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 ఉంది. గుండె పగిలినవాళ్లకు దాన్ని డయల్ చేసిపెట్టే మనిషి కావాలి. అగ్నిమాపక సిబ్బందికీ ఆశా కార్యకర్తలకూ బస్తీ యువతకూ ప్రభుత్వం ఈ మానసిక ఆసరాలో శిక్షణ వెంటనే మొదలుపెట్టాలి.