పట్టా ఒకరిది, పంట మరొకరిది

దళితుల భూమి సమస్యను ఇప్పటికీ దానధర్మాల భాషలోనే మాట్లాడుతున్నాం. ‘ప్రభుత్వం ఇచ్చిన భూమి’ అన్న మాటలోనే ఆ ధోరణి ఉంది. తరతరాలుగా ఆ నేలను దున్నిన చేతులకు చేరవలసిన వాటాను దయగా చూపడం ఈ దేశపు పాలకవర్గాలకు పాత అలవాటే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో షెడ్యూల్డ్ కులాలవారు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం వారి సాగులో ఉన్న భూమి 9 శాతం లోపే. ఆ కొద్దిపాటి భూమి కూడా వారి చేతిలో ఎంత భద్రంగా ఉందన్నదే నేటి ప్రశ్న.

ఆంధ్రలో డీకేటీ పట్టా అన్నా, తెలంగాణలో లావుణి పట్టా అన్నా సారాంశం ఒక్కటే: భూమిలేని పేదకు సాగు నిమిత్తం ప్రభుత్వం అప్పగించిన నేల. దాన్ని అమ్మరాదు, కొనరాదు అని 1977 అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం శాసించింది. అన్యాక్రాంతమైతే స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారుకో, అతని వారసులకో తిరిగి ఇవ్వాలని కూడా చెప్పింది. చట్టం ఉద్దేశం మంచిదే. అయితే నిషేధం పేదవాడి మీద అమలైనంత గట్టిగా, కొన్నవాడి మీద అమలు కాలేదు. తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందాలతో భూములు చేతులు మారాయి. రికార్డులో దళితుని పేరు, పొలంలో మరొకరి నాగలి.

బ్యాంకులకు తాకట్టు పెట్టుకునేందుకు ఆ చట్టంలోనే వెసులుబాటు ఉంది. కానీ పట్టా తాత పేరున, సాగు మనుమడి చేతిలో, హద్దులు ఎవరికీ తెలియని స్థితిలో ఉన్నప్పుడు ఏ బ్యాంకు అప్పిస్తుంది? అప్పు పుట్టనివాడు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు. ఆ గడపలోనే భూమి పోతుంది.

ఇక ప్రభుత్వం సంగతి. పేదవాడు అమ్మితే నేరమన్న రాజ్యమే, ‘ప్రజా ప్రయోజనం’ పేరిట అదే భూమిని సులువుగా వెనక్కి తీసుకుంటూ వచ్చింది. అసైన్డ్ పట్టాదారుకు కూడా పూర్తి హక్కుదారుతో సమానంగా పరిహారం చెల్లించాలని 2004లో మేకల పాండు కేసులో హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. అయినా పదకొండేళ్ల తరువాత అమరావతి భూసమీకరణలో అసైన్డ్ భూములకు తొలుత ప్రకటించిన ప్యాకేజీ, పట్టా భూముల ప్యాకేజీ కన్నా తక్కువే. నేల ఒకటే, నీరు ఒకటే. మారింది యజమాని కులం, కాగితం రంగు మాత్రమే.

2023లో ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని సవరించి, భూమి పొంది 20 ఏళ్లు నిండినవారికి పూర్తి యాజమాన్య హక్కు కల్పించింది. తెలంగాణలోనూ అటువంటి హామీలు ఎన్నికల వేదికల మీద వినిపించాయి. ‘అగ్రకుల రైతుకున్న అమ్మకపు హక్కు దళితునికి ఎందుకు ఉండరాదు?’ అన్న వాదన న్యాయమైనది. దళితుణ్ణి శాశ్వత మైనరుగా చూసే చట్టం ఆత్మగౌరవానికి విరుద్ధమే. కానీ పేదవాడు భూమిని అమ్మేది ఏ ఘడియలో? ఆసుపత్రి బిల్లు ముందు, కూతురి పెళ్లి ముందు, కొడుకు కాలేజీ ఫీజు ముందు. ఆ ఘడియలో ధర నిర్ణయించేది కొనేవాడే. సమాన హక్కు అసమాన బలాల మధ్య నిలిచినప్పుడు, అది బలవంతుని వైపే ఒరుగుతుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. 1892లో మద్రాసు ప్రెసిడెన్సీ అణగారిన కులాలకు కేటాయించిన పంచమి భూములకు ఒక షరతు ఉండేది: పదేళ్లపాటు అమ్మరాదు, ఆ తరువాత అమ్మినా ఆ వర్గాలవారికే అమ్మాలి. షరతు కాగితం మీద మిగిలింది, భూములలో చాలా భాగం ఇతరుల పాలయ్యాయి. షరతులో లోపం లేదు, దాన్ని కాపాడవలసిన రెవెన్యూ యంత్రాంగం గ్రామ పెత్తందారుల పక్షాన నిలిచింది. నిషేధమైనా, స్వేచ్ఛ అయినా అమలు చేసే చేతిని బట్టే ఫలితం ఉంటుందన్నది అక్కడి పాఠం.

కనుక యాజమాన్య హక్కు ఇవ్వాలి, దానితో పాటు రక్షణ కూడా ఇవ్వాలి. మొదట గ్రామసభ ముందు సర్వే జరిపి, ఎవరి పట్టా ఎవరి సాగులో ఉందో బహిరంగంగా చదివి వినిపించాలి. అన్యాక్రాంతమైన భూమిని వారసులకు అప్పగించిన తరువాతే హక్కు పత్రాలు పంచాలి, లేకుంటే ఆక్రమణదారుకే పట్టాభిషేకం చేసినట్టవుతుంది. పత్రంలో భార్య పేరు కూడా ఉండాలి. అమ్మక తప్పని స్థితి వస్తే, మార్కెట్ ధరకు మొదట కొనే బాధ్యత ఎస్సీ కార్పొరేషన్‌ది కావాలి. ఆ భూమి మరొక భూమిలేని దళిత కుటుంబానికే చేరాలి.

వ్యవసాయ భూమి రాజ్యం ఆస్తిగా ఉండాలని, సమష్టి సాగు జరగాలని 1947లోనే అంబేద్కర్ ప్రతిపాదించారు. కులం పునాది భూమిలో ఉందని ఆయనకు తెలుసు. ఆ ప్రతిపాదనను పక్కన పెట్టిన దేశం, కనీసం తాను పంచిన ఎకరం, అరెకరమైనా దున్నేవాడి చేతిలో నిలిపి చూపాలి. అది కూడా చేయలేని ప్రభుత్వానికి సామాజిక న్యాయం గురించి మాట్లాడే అర్హత ఎక్కడిది?