డర్బిన్ మనకు శత్రువా?

ఇల్లినాయ్ సెనేటర్ డిక్ డర్బిన్ ఇక పోటీ చేయనని 2025 ఏప్రిల్ 23న ప్రకటించారు. ఆ వారాంతం నేపర్‌విల్‌లో ఒక మిత్రుడి కొడుకు పుట్టినరోజుకు వెళ్ళాను. ప్లేట్లో బిర్యానీ పెట్టుకుంటూ ఒకాయన "హమ్మయ్య, పీడ వదిలింది" అన్నాడు. చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. నలభై ఏళ్ళకు పైగా చట్టసభల్లో గడిపిన మనిషిని మనం ఒక్క బిల్లుతో తూచేశామా అన్న అనుమానం వచ్చింది. ఆ అనుమానమే ఈ వ్యాసం.

ముందు నా సంగతి చెప్పుకోవడం న్యాయం. నేను 2012లో ఎం.ఎస్.కు వచ్చాను. గ్రీన్ కార్డు లైన్లో నా ప్రయారిటీ డేట్ 2016. నాకు ఇక్కడ ఓటు లేదు. 2019లో డర్బిన్ ఆఫీసుకు రోజూ ఫోన్ చేసి ఎవరో రాసిచ్చిన నాలుగు వాక్యాలు చదివిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాబట్టి ఇది తటస్థుడు రాస్తున్న వ్యాసం కాదు. దెబ్బ తిన్నవాడు, కోపం తగ్గాక కూర్చుని రాస్తున్నది.

అసలు గొడవ ఏమిటో కొత్తగా వచ్చిన తమ్ముళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. 1990 నాటి ఇమ్మిగ్రేషన్ చట్టం ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులను ఏడాదికి సుమారు 1,40,000గా నిర్ణయించింది. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వకూడదంది. ఇండియాకైనా ఐస్‌లాండ్‌కైనా అదే పరిమితి. మనలో ఎక్కువ మంది ఉండే ఇ.బి.-2లో ఏడాదికి సుమారు 40,000 ఉంటాయి. అందులో 7 శాతం అంటే 2,800. పైగా భార్యాపిల్లలను కూడా ఈ లెక్కలోనే కలుపుతారు. నలుగురున్న కుటుంబానికి నాలుగు నంబర్లు పోతాయి. వేరే దేశాల వాళ్ళు వాడుకోకుండా మిగిల్చినవి కొన్ని మనకు వస్తాయి, కానీ అవి ఏ మూలకు? లైను లక్షల్లో పెరిగింది.

ఈ 7 శాతం పరిమితిని ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65 తేడాతో నెగ్గింది. సెనేట్‌లో దాని జోడీ మైక్ లీ తెచ్చిన ఎస్.386. చర్చ, ఓటింగ్ లేకుండా ఏకగ్రీవంగా ఆమోదింపజేయాలని లీ ప్రయత్నించారు. ఈ పద్ధతిలో వందమంది సెనేటర్లలో ఒక్కరు అభ్యంతరం చెప్పినా బిల్లు ఆగిపోతుంది. ఆ ఏడాది అక్టోబర్‌లో డర్బిన్ లేచి అభ్యంతరం చెప్పారు. మన ఆశలు ఆ రోజు కూలిపోయాయి. అప్పటినుంచి మన ఇళ్ళలో ఆయన పేరు తిట్టుపదం అయింది.

ఇక ఆయన రికార్డు చూద్దాం.

డర్బిన్ 1944లో ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో పుట్టారు. తల్లి లిథువేనియా నుంచి వచ్చిన వలసదారు. తండ్రి ఊపిరితిత్తుల కేన్సర్‌తో పోయేనాటికి ఆయనకు 14 ఏళ్ళు. 1982లో, ఇరవై రెండేళ్ళుగా ఆ సీటులో ఉన్న రిపబ్లికన్ పాల్ ఫిండ్లీని కేవలం 1,410 ఓట్లతో ఓడించి ప్రతినిధుల సభకు వెళ్ళారు. 1996లో సెనేట్‌కు ఎన్నికై, ఆ తరువాత వరుసగా నాలుగుసార్లు గెలిచారు. 2005 నుంచి సెనేట్‌లో తన పార్టీకి విప్. 2021 నుంచి 2025 ఆరంభం వరకు జ్యుడీషియరీ కమిటీ ఛైర్మన్.

తండ్రి చావు ఆయన రాజకీయాల్లో కనిపిస్తుంది. 1987లో రెండు గంటల లోపు విమాన ప్రయాణాల్లో పొగ తాగడాన్ని నిషేధించాలని ఆయన తెచ్చిన సవరణ 198-193తో నెగ్గింది. పొగాకు కంపెనీలు బాగా బలంగా ఉన్న రోజులవి, సొంత పార్టీ పెద్దలు కూడా వద్దన్నారు. అయినా ఆ చిన్న సవరణతో మొదలైనదే తరువాత అన్ని విమానాలకూ పాకింది. ఈ రోజు పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని హైదరాబాద్ దాకా పొగ పీల్చకుండా వెళ్ళగలుగుతున్నామంటే, అందులో ఆయన వాటా ఉంది.

2002 అక్టోబర్‌లో ఇరాక్ యుద్ధానికి అధికారం ఇచ్చే తీర్మానం వచ్చినప్పుడు 77 మంది అవునన్నారు, 23 మంది కాదన్నారు. ఆ 23 మందిలో డర్బిన్ ఒకరు. మరో నెలలో ఆయనకు ఎన్నికలు ఉన్నాయి. సెప్టెంబర్ 11 జరిగి ఏడాది దాటింది అంతే. అప్పుడు కాదనడం తేలిక కాదు. అలాగని అన్నిటికీ ఎదురు నిలిచారనీ కాదు. 2001లో పేట్రియాట్ చట్టానికి ఆయన ఓటు వేశారు. తరువాత అందులో పౌరహక్కులకు రక్షణ చేర్చాలని రిపబ్లికన్ లారీ క్రెయిగ్‌తో కలిసి సవరణ బిల్లు తెచ్చారు. 2005లో గ్వాంటనామోలో ఖైదీల పట్ల జరుగుతున్న దాన్ని నాజీలతో పోల్చి, దుమారం రేగాక సభలో క్షమాపణ చెప్పుకున్నారు.

2010లో డెబిట్ కార్డు గీసినప్పుడల్లా దుకాణదారు నుంచి బ్యాంకులు తీసుకునే రుసుముకు పరిమితి పెట్టించారు. గ్యాస్ స్టేషన్ నడుపుతున్న మనవాళ్ళను అడగండి, డర్బిన్ సవరణ అంటే ఏమిటో చెప్తారు. అదే ఏడాది కొకెయిన్ కేసుల్లో నల్లజాతి వారికి ఎక్కువ శిక్షలు పడడానికి కారణమైన 100:1 నిష్పత్తిని 18:1కి తగ్గించే చట్టం తెచ్చారు. 2018లో జైలు శిక్షల సంస్కరణ చట్టం 87-12తో నెగ్గడంలో చక్ గ్రాస్లీతో కలిసి పనిచేశారు.

అదే గ్రాస్లీతో కలిసి మనకు నచ్చని పని కూడా మొదలుపెట్టారు. హెచ్-1బి, ఎల్-1 వీసాల మీద 2007 నుంచి ఇద్దరూ మళ్ళీ మళ్ళీ బిల్లు తెస్తూనే ఉన్నారు. యాభై మందికి పైగా ఉద్యోగులుండి, అందులో సగానికి మించి ఈ వీసాల వాళ్ళే ఉన్న కంపెనీకి కొత్త హెచ్-1బిలు ఇవ్వకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. 2025లో కూడా మరోసారి ప్రవేశపెట్టారు. ఇది ఇండియన్ల మీద పగ అని మనం అనుకుంటాం. కానీ నిజం చెప్పుకుందాం. బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఎగ్గొట్టే కన్సల్టెన్సీలు మనలో ఎంతమందికి తెలియవు? ఆ బిల్లులో ఆ మోసాలను పట్టుకునే నిబంధనలూ ఉన్నాయి. అవి మన వాళ్ళనే కాపాడతాయి. యాభై శాతం షరతుతో నాకు విభేదం ఉంది, ఎందుకంటే అది కంపెనీ చేసిన తప్పును కాక ఉద్యోగుల వీసాను లెక్కపెడుతుంది. కానీ విభేదం వేరు, పగ వేరు.

మళ్ళీ ఎస్.386 దగ్గరికి వస్తాను. డర్బిన్ వాదన ఇది: మొత్తం 1,40,000ను పెంచకుండా పరిమితి ఒక్కటే ఎత్తేస్తే లైను పొట్టి కాదు, లైన్లో నిలబడే మనుషులు మారతారు, అంతే. ఇంజనీర్లం కదా, మనకు ఇది అర్థం కావాలి. సర్వర్ కెపాసిటీ పెంచకుండా లోడ్ బ్యాలన్సర్ మార్చితే ఒకరి స్లోనెస్ ఇంకొకరికి పోతుంది. అందుకే ఆయన అదే నెలలో పాట్రిక్ లేహీతో కలిసి వేరే బిల్లు పెట్టారు. అందులో పరిమితీ పోతుంది, భార్యాపిల్లలను లెక్కలోంచి తీసేస్తారు, ఐదేళ్ళలో లైను మొత్తం ఖాళీ చేస్తారు. మనం తెచ్చుకోవాలనుకున్న బిల్లు కంటే అది మంచి బిల్లు. మనలో ఎంతమంది అది చదివాం? నేను 2019లో చదవలేదు.

ఇంకో మాట. 2013లో ఎనిమిది మంది సెనేటర్లు కలిసి తెచ్చిన సమగ్ర ఇమ్మిగ్రేషన్ బిల్లు 68-32తో సెనేట్‌లో నెగ్గింది. ఉద్యోగ గ్రీన్ కార్డులకు దేశాల పరిమితిని ఎత్తేయడం అందులో ఉంది. ఆ ఎనిమిది మందిలో డర్బిన్ ఒకరు. ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు. ఎస్.386ను ఆపింది ఆయనొక్కరే కూడా కాదు. 2019 జూన్‌లో రాండ్ పాల్, సెప్టెంబర్‌లో డేవిడ్ పెర్డ్యూ, 2020 ఆగస్టులో రిక్ స్కాట్ అడ్డుపడ్డారు. మన తిట్లు మాత్రం ఒక్కరికే దక్కాయి.

అయితే డర్బిన్ తప్పు లేదా? ఉంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్టు ఆయన పెద్ద బిల్లే కావాలన్నారు. నంబర్లు పెంచే బిల్లుకు ఆ సెనేట్‌లో ఓట్లు లేవని ఆయనకు తెలియనిది కాదు. లైను పొడుగు ఎంతైనా, పుట్టిన దేశాన్ని బట్టి ఒకరికి రెండేళ్ళు, ఇంకొకరికి జీవితకాలం అనడం అన్యాయం. ఆ అన్యాయానికి ఆయన లెక్కల్లో జవాబు లేదు. 2019 డిసెంబర్‌లో లీతో రాజీ కుదుర్చుకున్నారు, సంతోషం. కానీ రెండు నెలలు పోయాయి, తరువాత కోవిడ్ వచ్చింది. చివరికి 2020 డిసెంబర్ 2న సెనేట్ ఆమోదించేసరికి దాని పాఠం ప్రతినిధుల సభ బిల్లుకు దూరమైపోయింది. రెండిటినీ కలపడానికి టైము చాలలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్‌తో పాటు రెండు బిల్లులూ చచ్చిపోయాయి.

పెద్దదే కావాలన్న పట్టుదలతో చిన్నదీ పోవడం ఆయన సొంత కలకు కూడా జరిగింది. పిల్లలుగా వచ్చి కాగితాలు లేకుండా పెరిగిన వాళ్ళ కోసం 2001లో ఆరిన్ హ్యాచ్‌తో కలిసి డ్రీమ్ యాక్ట్ తెచ్చారు. 2010 డిసెంబర్‌లో 55-41 వచ్చింది, కావాల్సినవి 60. ఆయన పార్టీ వాళ్ళే ఐదుగురు వ్యతిరేకించారు. పాతికేళ్ళు దగ్గరపడుతున్నప్పుడు, ఆ చట్టాన్ని చూడకుండానే రిటైర్మెంట్ ప్రకటించారు.

ఆ డ్రీమ్ యాక్ట్ ఎలా పుట్టిందో తెలుసా? షికాగోలో ఒక కొరియన్ కుటుంబం అమ్మాయి పియానో అద్భుతంగా వాయించేది. సంగీత కళాశాలకు దరఖాస్తు పెట్టబోతే కాగితాలు లేవని తేలింది. ఆమెకు పాఠం చెప్పే చోటు నుంచి డర్బిన్ ఆఫీసుకు సాయం అడుగుతూ ఫోన్ వచ్చింది. చట్టంలో దారి లేదని తెలిశాక ఆయన దారి వేయాలని కూర్చున్నారు. ఆ తరువాత ఏళ్ళ తరబడి సెనేట్‌లో ఒక్కొక్క పిల్లవాడి ఫొటో పెట్టి, పేరు చెప్పి, కథ చెప్పారు. అలా వందకు పైగా కథలు చెప్పారు.

ఇక్కడే మన తప్పు నాకు కనబడుతోంది. ఆయన మనుషుల కథలకు కదిలే మనిషి. మనం ఆయనకు నాలుగు వాక్యాల స్క్రిప్ట్ చదివి వినిపించాం, తరువాత తిట్టాం. మా అక్క కూతురు నాలుగేళ్ళప్పుడు గుంటూరు నుంచి వచ్చింది. ఇంకో ఏడాదిన్నరలో 21 నిండుతాయి. అప్పటికి వాళ్ళ నాన్న గ్రీన్ కార్డు రాకపోతే ఆమె ఆయన మీద ఆధారపడిన వీసా పోతుంది. 2012లో ఒబామా తెచ్చిన డాకా ఇలాంటి వాళ్ళకు వర్తించదు, ఎందుకంటే వాళ్ళు చట్టబద్ధంగా ఉన్నారు. "మావయ్యా, కాగితాలు ఉండడమే నా తప్పా?" అని అడిగింది నన్ను. ఈ ప్రశ్నను నేను డర్బిన్ ఆఫీసులో ఎప్పుడూ వినిపించలేదు. ఇలాంటి పిల్లలే కాపిటల్ హిల్‌లో ఆఫీసు ఆఫీసుకూ తిరిగి తమ గోడు చెప్పుకున్నారు. 2021 మార్చిలో ప్రతినిధుల సభ ఆమోదించిన డ్రీమర్ల బిల్లులో వాళ్ళను కూడా చేర్చారు. అది సెనేట్ దాటలేదు, కానీ తలుపు తెరిచింది వాళ్ళే. ఉద్యోగాల్లో స్థిరపడిన పెద్దలం మనం కాదు.

డర్బిన్ పదవీకాలం 2027 జనవరి వరకే. ఆ సీటులోకి ఎవరు వచ్చినా నా మనవి మూడు మాటలు. ఒకటి, సంఘాల మహాసభల్లో ఎవరు శాలువా కప్పించుకుని "నమస్కారం" అన్నారో చూడకండి, ఎలా ఓటు వేశారో చూడండి. రికార్డు అంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. రెండు, ఓటు లేకపోయినా అపాయింట్‌మెంట్ అడిగే హక్కు మనకు ఉంది. పిల్లలను తీసుకుని వెళ్ళండి. మూడు, సిటిజన్లయిన అన్నలూ, అక్కలూ, ఏరు దాటాక తెప్ప తగలేయకండి. మీ ఓటే ఆ ఆఫీసులో మా గొంతు.

ఇంతకీ డర్బిన్ మనకు శత్రువా? కాదు. మనతో ఒక విషయంలో మొండిగా విభేదించిన, మనం సరిగ్గా వెళ్ళి కలవని సెనేటర్. పుట్టినరోజు పార్టీలో నేను నవ్వకుండా ఉండాల్సింది.