తమ్ముని తూచని త్రాసు

2008 ఫిబ్రవరి 1వ తేదీన అమెరికా బాస్కెట్‌బాల్ లీగగు ఎన్‌బీఏలో ఒక మారకము జరిగినది. మెంఫిస్ గ్రిజ్లీస్ జట్టు, తనకు ఆరున్నర సీజనులుగా మూలస్తంభమై నిలిచిన పావ్ గసోల్ అను స్పెయిన్ దేశీయుని లాస్ ఏంజెలిస్ లేకర్స్ జట్టునకు ఒప్పగించి, బదులుగా క్వామే బ్రౌన్, జవారిస్ క్రిటెంటన్, ఆరన్ మెకీ అను మువ్వురు క్రీడాకారులను, 2008, 2010 సంవత్సరములకు చెందిన మొదటి రౌండు డ్రాఫ్టు (క్రొత్త క్రీడాకారుల ఎంపిక) హక్కులు రెంటిని, కొంత రొక్కమును గైకొని, వీనితోపాటు అప్పటి కింకను ఎన్‌బీఏలో ఒక్క ఆటయైన ఆడియుండని మార్క్ గసోల్ అను యువకునిపై లేకర్స్‌కు గల హక్కును సైతము సంపాదించుకొనెను. ఈ మార్క్, పావ్‌కు స్వయాన తమ్ముడు.

ఆ మరునాటినుండియే ఈ మారకమునకు దోపిడి యను పేరు స్థిరపడినది. వార్తాపత్రికల విమర్శకులు మొదలుకొని వీధిచివర బంతి యాడుకొను కుర్రవాండ్రవరకు మెంఫిస్ జనరల్ మేనేజర్ క్రిస్ వాలెస్‌ను నిందింపనివారు అరుదు. శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టుకు ఎన్నో విజయములు సాధించి పెట్టిన గ్రెగ్ పాపోవిచ్ అంతటి శిక్షకుడు కూడ, మెంఫిస్‌వారు చేసిన పని బుద్ధి కందరానిదనియు, ఇట్టి అర్థరహితములగు మారకములను కొట్టివేయుట కొక సంఘ ముండవలసినదనియు బాహాటముగా పలికెను. కాలక్రమమున కొందరు తమ తీర్పును కొంత సడలించి, ‘అదృష్టవశమున మెంఫిస్‌కు తుదకు మేలే జరిగినది’ అనుచున్నారు గాని, దోపిడి యను మాటను ఎంతగా నిరాకరింతునో, అదృష్టమను ఈ మాటను కూడ అంతగా నిరాకరింతును. ఆనాడు జరిగినది ఇరుపక్షముల అవసరము లెరిగి చేసిన బేరము. దానిని తూచినవారి త్రాసులోనే లోపము కలదు.

ఆ త్రాసు పనిచేయు తీరు మిక్కిలి సులభము. ఒక సిబ్బెలో పావ్ పేరును, మరియొక సిబ్బెలో తక్కినవారి పేర్లను ఉంచి, ఏ వైపున అందరికంటె గొప్ప ఆటగాడు గలడో చూచుట, వాని నందుకొన్నవారు గెలిచిరనియు, వాని నిచ్చినవారు ఓడిరనియు ప్రకటించుట. ఈ పద్ధతిని సమర్థించువారు మన భారతకథను సైతము సాక్ష్యముగా తేవచ్చును: ఒకవైపు నారాయణసేన, మరియొకవైపు ఆయుధము పట్టని కృష్ణుడు; సేనను కోరుకొనిన దుర్యోధనుడు మోసపోయెను, ఒక్కని కోరుకొనిన అర్జునుడు గెలిచెను; కావున పదిమందికంటె ఆ ఒక్కడే మేలు కాదా యని. కథ నిజమే, సాక్ష్యము మాత్రము వారి పక్షమున నిలువదు. ఆయుధము పట్టనని ప్రతిజ్ఞ చేసిన సారథికి విలువ యేర్పడినది రథముపై గాండీవధారి యొకడు సిద్ధముగా నుండుటవలన. రథికుడు లేని రథమునకు ఎంతటి సారథి దొరకినను యుద్ధము నడువదు. 2008లో లాస్ ఏంజెలిస్‌లో అర్జునుడు గలడు; మెంఫిస్‌లో లేడు. పావ్ గసోల్ విలువ ఆ రెండు నగరములలో ఒక్కటి కాకపోవుటకు హేతువిదియే.

మెంఫిస్ పరిస్థితి యెట్టిదో చూడుడు. 2001లో వాంకూవర్ నుండి ఆ నగరమునకు తరలివచ్చిన జట్టుకు పావ్ తొలి కానుకవలె దొరికెను. మొదటి సీజనులోనే ఉత్తమ నవాగతుడుగా బహుమాన మందుకొనెను. ఆయన నాయకత్వమున 2004, 2005, 2006 సంవత్సరములలో జట్టు ప్లేఆఫ్ దశకు చేరెను, చేరి మూడుమార్లును నాలుగాటలకు నాలుగాటలు ఓడెను. పండ్రెండు ఆటలాడి ఒక్కటియు గెలువలేదు. అటుపిమ్మట 2006–07లో గెలుపులు 22, ఓటములు 60. మారకము జరిగిన సీజనులోను చివరకు లెక్క సరిగా అంతియే తేలెను. ఇందు పావ్ దోష మెంతమాత్రమును లేదు. ఏడడుగుల దేహముతో అంత మృదువుగా బంతి నందించు నేర్పుగలవాడు, సహచరుని కదలిక నంత ముందుగా పసిగట్టువాడు ఆ తరమున మరియొకడు దొరకుట కష్టము. కాని ఆ నేర్పు వేరొక మహాక్రీడాకారుని పక్కన వికసించునట్టిది. ఒంటరిగా జట్టునంతటిని భుజములపై మోయుటకు ఏర్పడినది కాదు. మూడు ప్లేఆఫ్‌లును తదనంతరపు పతనమును చూచిన పిమ్మట ఈ సంగతి మెంఫిస్‌వారు గ్రహింపకుండినచో అదియే నిందింపదగిన అవివేకమై యుండెడిది.

లాస్ ఏంజెలిస్‌లో కథ వేరు. కోబీ బ్రయంట్ వంటి విలుకాడుండియు, 2004 ఫైనల్స్ తరువాత ఆ జట్టు ఒక్క ప్లేఆఫ్ సిరీస్ నైన గెలువలేదు. విసిగిపోయిన కోబీ 2007 వేసవిలో తన్ను వేరొక జట్టుకు పంపివేయుమని బహిరంగముగా కోరెను. 2008 జనవరిలో యువ సెంటర్ ఆండ్రూ బైనమ్ మోకాలికి గాయము తగిలెను. ఆ గాయము తగిలినది మెంఫిస్‌తో ఆడుచున్న ఆటలోనే. ఆ జట్టు శిక్షకుడగు ఫిల్ జాక్సన్ నేర్పు త్రికోణపు ఆటపద్ధతిలో, బుట్టకు చేరువగా నిలిచి నలుదిక్కులకు బంతి నందింపగల పొడగరి లేనిదే ఆట సాగదు. ఇట్టి స్థితిలో లేకర్స్‌కు పావ్ ఎంత అవసరమో మెంఫిస్‌కు అంత అవసరము కాదనుట గణితమువలె స్పష్టము.

మన పల్లెసంతలలో ఎడ్ల మారకము చూచిన పెద్దల కీ విషయము వివరింప నక్కరలేదు. రేగడి దుక్కికి బలిసిన ఒంగోలు గిత్త కావలసినవాడొకడు, బురద మాగాణిలో దమ్ముచేయుటకు తేలికపాటి కోడె చాలునను వాడొకడు, ఒకరిపశువు నొకరికి మార్చుకొని, తేడాకు పైన కొంత రొక్కము కట్టుకొని, ఇరువురును సంతసముగా ఇండ్లకు పోవుదురు. దూరమునుండి చూచువానికి పెద్ద గిత్తను తోలుకొనిపోవువాడు మాత్రమే లాభపడినట్లు కనపడును. ఆ రెండవవాని పొలము ఎట్టిదో అతడెరుగడు.

ఈ మారకములోని పేర్లను చూచి నవ్వినవారు ఎక్కువగా నవ్వినది ఆరన్ మెకీని చూచి. ఆ సీజనులో ఒక్క ఆటయు ఆడని వృద్ధ క్రీడాకారుడు పావ్ గసోల్‌కు వెల యగునా యని వారి ప్రశ్న. ప్రశ్నించువారు లీగు నియమముల నొక్కమారు విప్పి చూచియుండినచో ఆ నవ్వు ఆగిపోయెడిది. జీతముల మొత్తము పరిమితిని మించిన జట్టు, తాను పంపు జీతములలో నూటికి 125 వంతులకు ఒక లక్ష డాలర్లు మాత్రము కలిపినంత మేరకే జీతములను తిరిగి తీసికొనవచ్చునని ఆనాటి నిబంధన. పావ్ జీతము పెద్దది. క్వామే, క్రిటెంటన్‌ల జీతములు కలిపినను ఆ లెక్క సరిపడలేదు. కావున మెకీతో నూతనముగా ఒప్పందము చేసికొని, ఆ జీతమును తూకపురాయిగా చేర్చిరి. తూకపురాయిని సరుకనుకొని దాని నాణ్యము నెంచుట ఎంతటి పొరపాటో వేరుగా చెప్పవలెనా? క్వామే బ్రౌన్ విషయమును ఇట్టిదే. 2001 డ్రాఫ్టులో అందరికంటె మొదట ఎంపికైన ఆతడు, మూడవవాడుగా ఎంపికైన పావ్‌తో పోల్చదగిన ఆటగాడు కాలేకపోయెననుట అందరెరిగినదే. కాని మెంఫిస్ కోరినది వాని ఆటను కాదు, ఆ సీజనుతో గడువు తీరిపోవు వాని ఒప్పందమును. పావ్ ఒప్పందమున కింకను మూడు సీజనులు మిగిలియుండెను. యజమానికి వ్యయము తగ్గించుకొను కోరిక యుండెననుట నిజమే; దానిని నేను దాచను. అయినను ఓడుచున్న జట్టు ధనమును విముక్తము చేసికొనుట తిరిగి నిర్మించుకొనుటకు తొలిమెట్టు. దానిని పిసినారితన మని కొట్టివేయుట న్యాయము కాదు.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. ఆనాటి విమర్శకు లందరును పట్టిక చివరనుంచి, వేగముగా చదివి విడిచిన పేరు మార్క్ గసోల్. 2007 డ్రాఫ్టులో లేకర్స్ ఆతనిని 48వ వానిగా ఎంపిక చేసిరి. ఆ సంఖ్యయే ఆతని విలువ యని లోకము నిశ్చయించుకొనెను. అన్నతోపాటు 2001లో మెంఫిస్‌కు వచ్చి, అక్కడి లాసాన్ పాఠశాలలో చదువుకొనుచు ఆడిన స్థూలకాయుడగు బాలుడే విమర్శకుల స్మృతిలో మిగిలియుండెను. కాని ఆ బాలుడు 2003లో స్పెయిన్‌కు మరలిపోయి, బార్సిలోనాలో పాఠములు నేర్చి, 2006లో జపానులో ప్రపంచ విజేతయైన స్పెయిన్ జట్టులో సభ్యుడై, పిమ్మట జిరోనా పట్టణపు జట్టున చేరి, ఐరోపాలోకెల్ల కఠినమైనదిగా పేరుగన్న స్పానిష్ లీగులో తన వంటివా రెవ్వరును లేరనిపించుకొను దశకు చేరుచుండెను. ఆ 2007–08 సీజను ముగియునప్పటికి ఆ లీగున ఉత్తమ క్రీడాకారుడుగా ఎన్నికయ్యెను. ఎన్నిక తరువాత జరిగినది నిజమే. ఆ ఎన్నికకు కారణమైన ఆట మాత్రము మారకమునాటికే వారము వారము అందరి కన్నులయెదుట నడచుచుండెను. చూడదలచిన వారికి అడ్డు లేదు. ఇరువదిమూడేండ్లు నిండిన ఏడడుగుల వాడు, ప్రపంచవిజేత, తమ నగరపు వీధుల నెరిగినవాడు: ఇట్టివానిని పొందగోరుట అదృష్టమా, వివేకమా?

‘ఫలితము తెలిసిన పిమ్మట చెప్పు మాటలివి’ అని ప్రతిపక్షులు అడ్డు తగులుదురు. ఆ ఆక్షేపణ బలమైనదే. కావుననే ఫలితములను ఇంతవరకు ముట్టక, ఆనాడు తెలియగల విషయములతోనే వాదించితిని. అయినను ఫలితములను వారే ముందు తెచ్చుచున్నారు గదా! పావ్ చేరిన తరువాత లేకర్స్ వరుసగా మూడేండ్లు ఫైనల్స్‌కు చేరి, 2008లో బోస్టన్ చేతిలో ఓడినను, 2009లో ఓర్లాండోను, 2010లో బోస్టన్‌ను జయించిరని వారు చూపుదురు. ఒప్పుకొందును, ఆ రెండు విజయములు పావ్ లేనిదే లభించెడివి కావని కూడ నమ్ముదును. కాని ఒకరి లాభ మంతయు ఎదుటివాని నష్టమే యనుట మారకమను పదమునకే విరుద్ధము. ఆ విజయము లేవియు మెంఫిస్ పెట్టెలోనుండి తీసినవి కావు.

మెంఫిస్‌కు దక్కిన దేమో చూతము. లేకర్స్ ఇచ్చిన 2008 హక్కు డ్రాఫ్టునాటి మార్పిడులలో డారెల్ ఆర్థర్‌ను తెచ్చెను, 2010 హక్కు గ్రెవిస్ వాస్కెజ్‌ను తెచ్చెను. మార్క్, మైక్ కాన్లీ, జాక్ రాండాల్ఫ్, టోనీ ఆలెన్‌లు కూడిన ఆ జట్టు 2011లో, ముఖ్యుడగు రూడీ గే గాయముతో దూరమైనను, ఎనిమిదవ స్థానమునుండి బయలుదేరి, 61 ఆటలు గెలిచి మొదటి స్థానమున నిలిచిన జట్టును నాలుగు–రెండు తేడాతో ఓడించెను. మెంఫిస్ చరిత్రలో తొలి ప్లేఆఫ్ విజయము, తొలి సిరీస్ విజయము ఆనాటివే. ఓడిన జట్టు శాన్ ఆంటోనియో. దాని శిక్షకుడు పాపోవిచ్. ఆర్థర్, వాస్కెజ్‌లు ఇరువురును ఆ సిరీస్‌లో ఆడినవారే. 2013లో మార్క్ లీగున ఉత్తమ రక్షకుడుగా ఎన్నికయ్యెను. ఆ యేడు 56 ఆటలు గెలిచిన మెంఫిస్ పశ్చిమవిభాగపు తుది సిరీస్‌కు చేరెను. అక్కడ స్పర్స్ నాలుగాటలును గెలిచి పాత ఓటమికి బదులు తీర్చుకొనిరి, అదియును చెప్పవలసినదే. 2011 నుండి 2017 వరకు ఏడేండ్లు ఒక్కమారైన తప్పక ఆ నగరము ప్లేఆఫ్ చూచినది. 2015 ఫిబ్రవరిలో న్యూయార్కున ఆల్‌స్టార్ ఆట ఆరంభమున నడిబొడ్డున బంతికై ఎగిరిన ఇరువురు ఎవరు? ఒకవైపు అన్న, మరియొకవైపు తమ్ముడు. ఒకరికొకరు వెలగా పోయినవారు సమానులై నిలిచిన ఆ క్షణమున నాకు కన్నులు చెమర్చినవి.

వాలెస్ మరికొంత కాలము వేచియుండినచో ఇంకను మంచి బేరము దొరకియుండెడిదా? ఉండవచ్చును. ఈ యొక్క విషయమున తగవు పెట్టుకొనను. బేరములో రెండు రూపాయ లెక్కువ రాబట్టలేకపోవుట వేరు, దోచుకొనబడుట వేరు.

తుదకు పాపోవిచ్ కోరిన ఆ సంఘము మాట. మారకముల న్యాయాన్యాయములను పైనుండి విచారించు అధికారి యొకడుండినచో నేమగునో తెలిసికొనుటకు సుమారు నాలుగేండ్ల పిమ్మట ఒక అవకాశము లభించెను. 2010 డిసెంబరులో న్యూ ఓర్లియన్స్ హార్నెట్స్ జట్టును లీగే కొనియుండెను. 2011 డిసెంబరు 8న ఆ జట్టు జనరల్ మేనేజర్ డెల్ డెంప్స్, క్రిస్ పాల్‌ను లేకర్స్‌కు పంపి, లామార్ ఓడమ్, లూయిస్ స్కోలా, కెవిన్ మార్టిన్, గోరాన్ డ్రాగిచ్‌లను, ఒక మొదటి రౌండు హక్కును పొందు ప్రతిపాదన కుదిర్చెను. అందులో హ్యూస్టన్‌కు పోవలసినవాడు మరల పావ్ గసోలే. యజమాని స్థానమున నిలిచిన లీగు కమిషనర్ డేవిడ్ స్టెర్న్ దానిని త్రోసిపుచ్చెను. యజమానికి కాదనుటకు హక్కు కలదు. ఆ హక్కును ప్రశ్నింపను. కాని క్లీవ్‌లాండ్ యజమాని డాన్ గిల్బర్ట్ వంటివారు ఆ మారకమును నిరసించుచు లేఖ వ్రాసిన తరుణమున, ఎదుటి జట్ల యజమానుల జీతమున నున్నవాడే న్యాయమూర్తి యగుట ఎంత అనుచితమో లోకము చూచినది. ఆరు దినముల పిమ్మట అంగీకరించిన రెండవ బేరమున పాల్ క్లిప్పర్స్‌కు పోయెను. న్యూ ఓర్లియన్స్‌కు దక్కిన ప్రధాన యువకుడు ఎరిక్ గోర్డన్ ఆ సీజనులో గాయముచే తొమ్మిది ఆటలు మాత్రమే ఆడెను, జట్టు 66 ఆటలలో 21 గెలిచెను. అటుపిమ్మట డ్రాఫ్టు లాటరీలో మొదటి హక్కు లభించి ఆంథనీ డేవిస్ వచ్చెను గావున స్టెర్న్ తీర్పు సరియైనదే యని వాదించువారు కలరు. వారినే అడిగెదను: తన నగరపు బడిలో చదివిన కుర్రవానిని స్పెయిన్ లీగున వెదకి పట్టుకొనిన వాలెస్‌ది అదృష్టమైనచో, గాజుపెట్టెలో ఎగిరిన లాటరీ బంతి వివేక మెట్లగును?