వెరపు, వెరగు

బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే చాలు, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో పత్రికలు రాస్తాయి. మర్నాటి శీర్షికలో భావనపాడు నుంచి బారువ దాకా తీరమంతా ‘భయాందోళన’లో ఉంటుంది. తుఫాను దాటాక అదే తీరం ‘షాక్’లో ఉంటుంది. ఈ మధ్యలో మనుషులకు ఇంకేమీ కలగనట్టే! షాక్ అన్న మాటను అరువు తెచ్చుకున్నాం గాని, ఇంగ్లీషువాడు దాని చుట్టూ కట్టుకున్న ఇరుగుపొరుగును తెచ్చుకోలేదు. ఫియర్, డ్రెడ్, ఫ్రైట్, అలారమ్, టెర్రర్, హారర్ ఒక వీధి. సర్‌ప్రైజ్, అస్టానిష్‌మెంట్, అమేజ్‌మెంట్ పక్క వీధి. వీటిని చిన్న భయం, పెద్ద భయం, మరీ పెద్ద భయం అని మెట్లుగా పేర్చి చెప్పడం బడి అలవాటు. నాకు ఆ లెక్క కుదిరినట్టు కనిపించదు. మనిషికి సంగతి ముందే తెలిసిందా, మీదపడ్డాక తెలిసిందా అన్నదే ఈ మాటల అసలు హద్దు. డ్రెడ్ అంటే రాబోయేదాని గుబులు. రోజుల తరబడి ఉండగలదు. ఫ్రైట్ క్షణంలో వచ్చి పోయే జడుపు. అలారమ్ ఈ రెంటి నడుమ నిలుస్తుంది: ఆయుధాలు అందుకోండన్న ఇటాలియన్ కేక అది, కేక పేరే కేక విన్నవాడి గుండెదడకూ పేరైంది. నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ పోయాక, 1826లో అచ్చైన వ్యాసంలో టెర్రర్‌కీ హారర్‌కీ మధ్య గీత గీసింది. మొదటిది మనిషి శక్తులను మేల్కొలుపుతుంది, రెండోది గడ్డకట్టిస్తుంది అన్నది ఆమె వాదం.

ఇదంతా పండితుల విభజనే గాని, మనసు ఇంత చక్కగా గదులు కట్టుకోదు అనవచ్చు. ఆ వాదానికి బలమైన సాక్షులే ఉన్నారు. భయానికీ ఆశ్చర్యానికీ ఒకే మాట వాడే భాషలు ఎన్నో ఉన్నాయని తాత్త్వికుడు ఎడ్మండ్ బర్క్ 18వ శతాబ్దంలోనే ఎత్తిచూపాడు. ఆయనకు తెలుగు వచ్చి ఉంటే మరో సాక్ష్యం దొరికేది: మన వెరపు భయం, వెరగు ఆశ్చర్యం, రెండూ ఒకే ‘వెర’ నుంచి మొలిచినవి, నివ్వెరపాటులోనూ ఆ వెరే ఉంది. డార్విన్ 1872లో మనోభావాల వ్యక్తీకరణపై రాసిన పుస్తకంలో ఆశ్చర్యాన్నీ భయాన్నీ ఒకే అధ్యాయంలో పెట్టాడు. న్యూగినీలోని ఫోరే జనానికి మనస్తత్వవేత్త పాల్ ఎక్‌మన్ బృందం ముఖాల ఫొటోలు చూపిస్తే, భయపడిన ముఖాన్ని ఆశ్చర్యపోయిన ముఖం నుంచి వాళ్లు సరిగా వేరు చేయలేకపోయారు. విప్పారిన కళ్లు, తెరుచుకున్న నోరు రెంటికీ ఉమ్మడి ఆస్తే మరి. అయితే ముఖం చెప్పలేనిది కథ చెబుతుంది. ఆ ముఖానికి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరగబోతుందో తెలిస్తే ఎవరూ తికమకపడరు. మాటలు దాచుకున్నది ఆ కథనే. నాట్యశాస్త్రం రాసిన భరతుడు కూడా భయాన్ని భయానక రసానికి, విస్మయాన్ని అద్భుత రసానికి స్థాయీభావాలుగా విడదీసి, పిడుగుపాటు వంటివాటికి కలిగే త్రాసాన్ని సంచారీభావాల్లో చేర్చాడు. నిలిచే భయం వేరు, అదాటున పుట్టి ఆరిపోయే జడుపు వేరు అన్న ఎరుక మనకు అరువు సొమ్ము కాదు.

సముద్రంలో చేపల వేటకు పోయేవాడికి ఈ మాటల తూకంతో పనేమిటని అడిగేవారుంటారు. మాటతో కాకపోయినా మాట వెనకున్న తేడాతో అతనికి ప్రాణాల పని ఉంది. వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలు ఆ తేడా మీదే నడుస్తాయి: 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక. ఆశ్చర్యపోవలసిన మనిషిని ముందే భయపెట్టి, ఆ భయానికి చేసేందుకొక పని అప్పగించడమే ఈ ఏర్పాటంతా. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10 వేలమంది పోయారు. గాలివాన సంగతి ఎరిగినవాళ్లలోనూ చాలామందికి సముద్రమే ఊళ్లమీదికి నడిచి వస్తుందన్న ఊహ లేదు. వాళ్లకు దక్కనిది భయం. దక్కి ఉంటే అది మేలు చేసేది. భయాన్ని ఎప్పుడూ తరిమేయాల్సిన శత్రువుగానే రాసే మన పత్రికలు ఈ సంగతి గమనించవు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను మరో చిక్కు చూపించింది. గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలి గురించి హెచ్చరిక ముందే అందింది. పడవ ఉన్నవాడు దాన్ని ఒడ్డుకు లాగి కట్టుకోవచ్చు. అతని భయానికి చేతులున్నాయి. అదే తీరాన ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలున్న రైతుకు అదే హెచ్చరిక ఏం చెప్పింది? వేళ్లతో నిలబడ్డ చెట్టును ఎక్కడికి తరలిస్తాడు? అతనికి ఆ రాత్రి మిగిలింది చేయడానికేమీ లేని గుబులు, ఇంగ్లీషువాడి డ్రెడ్. తెల్లారాక నేలకొరిగిన తోట చూసినప్పుడు కలిగింది హారర్. ముందే తెలిసినా తప్పించుకోలేని నిర్ఘాంతం అది. ఈ ఇద్దరినీ ‘భయాందోళనలో తీరం’ అన్న ఒక్క శీర్షిక కింద కలిపేస్తే, హెచ్చరిక ఎవరికి పనికొచ్చిందో, పంట బీమా, నష్టపరిహారం లాంటి వేరే సాయం ఎవరికి ముందుగానే సిద్ధం కావాలో చదివేవాడికీ తెలియదు, ఏర్పాట్లు చూసే అధికారికీ తెలియదు.