బటన్ నొక్కినాము గదప్పా!

కొంచెం పొడుగు రాత, ఓపికగా చదవండి.

మన సంఘం స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఈసారి మొదటిసారి ఆన్‌లైన్‌లో తీసుకున్నాం. గడువు ముగిసిన మరునాడు ఒక అవ్వ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. "ఏడుసార్లు బటన్ నొక్కినాము గదప్పా, ఏమీ కాలేదు" అంది. కమిటీలో కొందరు "సిస్టంలో మీ దరఖాస్తు లేదు, గడువు అయిపోయింది" అనేశారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో చెబుతాను.

ఫారం తయారుచేసింది రోజూ మారికుప్పం రైల్లో బెంగళూరు పోయివచ్చే మన కుర్రాడే. ఆదివారం కూర్చుని, బ్రౌజర్‌లో ఎఫ్ 12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, అదే బటన్ నొక్కి చూపించాడు. రిక్వెస్ట్ అసలు బయలుదేరకపోతే తప్పు పేజీలోనే ఉంటుంది: స్క్రిప్టు మధ్యలో ఆగిపోయిందో, 'సబ్మిట్' రకం అని రాయాల్సిన చోట ఉత్త 'బటన్' అని రాశారో. బయలుదేరి 500 అని వస్తే తప్పు సర్వర్‌ది. 200 అని వచ్చి కూడా తెరమీద ఏమీ మారకపోతే? జవాబు వచ్చింది, దాన్ని చూపించే ఏర్పాటే లేదు. మనది ఇదే.

ఆ జవాబు ఏమిటంటే, "ఇంటిపేరులో కనీసం మూడు అక్షరాలుండాలి" అని! మన కోలారు సీమలో ఎంతమంది పిల్లల సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఉంది? పేరు పక్కన తండ్రి పేరులో మొదటి అక్షరం, అంతే. ఆ పిల్ల సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టు ఒక్క అక్షరం రాసింది. సర్వర్ వద్దంది. ఆ మాట కనిపించే చోటును అజాక్స్ రిఫ్రెష్ చేసే భాగంలో చేర్చడం మనవాళ్లు మరిచారు.

అజాక్స్ అనే పేరు 2005లో జెస్సీ జేమ్స్ గారెట్ పెట్టాడు. అంతకుముందు ఫారం పంపితే పేజీ మొత్తం మళ్లీ వచ్చేది. విసుగే, కానీ ఏదో జరిగిందని తెలిసేది. ఇప్పుడు మనం చెప్పిన ముక్క మాత్రమే మారుతుంది. చెప్పకపోతే తెర మూగది.

మన తాతలు గనిలో దిగినప్పుడు అడుగున గంట కొడితే పైన వైండింగ్ ఇంజన్ దగ్గర వినబడాలి. వినబడకపోతే గంట బాగుచేస్తారు గానీ కొట్టినవాడిని తప్పుపడతారా?

అందుకే నా మాట ఇది. బటన్ నొక్కగానే అది మసకబారి "పంపుతున్నాం" అని చూపాలి, రెండోసారి నొక్కినా ఇంకో దరఖాస్తు పోకూడదు. పని కాకపోతే బటన్ మళ్లీ వెలగాలి, నింపినవన్నీ అలాగే ఉండాలి. తప్పు ఏ గడిలో ఉందో ఆ గడి పక్కనే తెలుగులో, కన్నడలో చెప్పాలి. చేరితే నంబరు ఇవ్వాలి. ఇంటిపేరు తప్పనిసరి కాకూడదు. ఆఫీసులో కాగితం ఫారం కూడా ఉండాలి.

ఇంకొక్కటి. సర్వర్ లాగ్‌లో ఇలా వెనక్కి కొట్టినవి ఇంకా ఉన్నాయి. ఆ అవ్వ అబద్ధం చెప్పలేదని అవే సాక్ష్యం. వాళ్లందరికీ మనమే ఫోన్ చేసి దరఖాస్తులు తీసుకోవాలి. 2001లో గని మూతపడ్డాక మన పిల్లలకు మిగిలింది చదువొక్కటే. ఒక బటన్ దానికి అడ్డం పడితే సంఘం ఎందుకు?

వచ్చే కమిటీ మీటింగులో ఇదే అడుగుతాను. మీరూ వచ్చి మాట్లాడండి.