కంకి కొనకు గింజ లేదేం?

వానాకాలపు సాయంత్రం కాల్చిన మక్కకంకి కొని ఇంటికి తెస్తామా, కొన బోడిగా ఉంటుంది. పిల్లలు నాకొద్దంటే నాకొద్దంటారు. అమ్మినవాణ్ని కోప్పడి లాభంలేదు; ఆ కొరత చేలోనే పడింది. నీటి ఎద్దడివల్లనూ కావచ్చు. నత్రజని వేళకు అందకపోయినా అంతే.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మక్క పాత పరిచయమే. కోరుట్ల ప్రాంతంలో పసుపుతోటల్లో అంతరపంటగా కూడా వేస్తారు. వానాకాలపు పైరుకు ఎకరానికి సుమారు 80 కిలోల నత్రజని కావాలి. యూరియాలో అది నూటికి 46 పాళ్లు. అంటే 45 కిలోల బస్తాలు దాదాపు నాలుగు. విత్తేటప్పుడు డీఏపీ వేసినవారు అందులోని నత్రజనిని తీసివేసి లెక్క చూసుకోవాలి.

లెక్క తేలికే. చిక్కంతా ఎప్పుడు వేయాలన్నదే! మొలకకు తిండి కొంచెం చాలు. మోకాలెత్తు పెరిగిందా, పూతదాకా దాని ఆకలి పట్టతరం కాదు. అందుకే మూడు వాయిలు: విత్తేటప్పుడు, 30-35 రోజులకు, 50-55 రోజులకు. ఒక్కసారే గుమ్మరిస్తే చేను నాలుగురోజులు కళకళలాడుతుంది గాని, పెద్దవాన పడితే చల్కనేలలో నత్రజని వేళ్లకందనంత లోతుకు దిగిపోతుంది. రైతు డబ్బూ దానితోపాటే. పొడినేలమీద చల్లి వదిలితే కొంత గాలిపాలు.

ఆఖరి వాయి తప్పితే అడుగాకులు కొననుంచి నడిమి ఈనె వెంట పసుపుబారతాయి. పాత ఆకులలోది మొక్క పైకి లాక్కుంటున్నదన్నమాట. అదీ చాలనప్పుడు ముందు పస్తుండేవి కొనగింజలే.