చెమటలన్నీ ఒకటి కావు

చలికాలం వస్తోందంటే దుబాయిలో పరుగుల పండగ. 2017లో మొదలైన దుబాయ్ ఫిట్‌నెస్ చాలెంజ్ 30 రోజుల పాటు రోజుకు 30 నిమిషాలు కదలమంటుంది. ఒక పొద్దున షేక్ జాయెద్ రోడ్డు మీద కార్లు ఆపి జనాన్ని పరిగెత్తిస్తారు. మంచిదే. కానీ సోనాపూర్ లేబర్ క్యాంపుల్లో ఉండేవాళ్ల ఊసొస్తే మనవాళ్లే ఓ మాట అంటారు: "వాళ్లకెందుకండీ ఎక్సర్‌సైజు? మనం డబ్బు కట్టి జిమ్‌లో చేసేది వాళ్లతో జీతమిచ్చి చేయిస్తున్నారుగా!"

నవ్వొచ్చే మాటే గానీ, నిజం కాదు.

ఒళ్లు కదిలితే చాలు, మెదడుకు రక్తం ఉరకలేస్తుందనుకుంటాం. ఓ మోస్తరు శ్రమలో కాస్త పెరిగే మాట నిజమే. శ్రమ ముదిరి రొప్పు పెరిగితే మాత్రం ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, పెరిగిన రక్తం మళ్లీ తగ్గుతుంది. ఎండ తోడైతే ఇంకా తగ్గుతుంది. గట్టిగా శ్రమిస్తున్నంతసేపూ ముందుమెదడు, అంటే ఆలోచించి అడుగు వేయించే భాగం, వెనక్కి తగ్గుతుందని బీరూట్‌లో పాఠాలు చెప్పిన ఆర్నే డీట్రిచ్ 2003లో ప్రతిపాదించాడు. దాని మీద వాదాలు ఇంకా తెగలేదు, అది వేరే సంగతి.

2001లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు నీబో, నీల్సన్ 14 మంది మగవాళ్లతో సైకిలు తొక్కించారు. 18 డిగ్రీల గదిలో గంటసేపు తొక్కినా ఒంటి వేడి 38 దగ్గరే నిలిచింది. 40 డిగ్రీల గదిలో 50 నిమిషాలకే 40కి చేరి చతికిలబడ్డారు. ఆ తర్వాత తొడ కండరాన్ని రెండు నిమిషాలు బిగించమంటే, సత్తువ కండరంలో ఉన్నా దాన్ని పూర్తిగా వాడుకునే ఆజ్ఞ మెదడు నుంచి రాలేదు. వాళ్లు ఆరోగ్యవంతులు, పైగా కాళ్లాడనప్పుడు ఆపేసే స్వేచ్ఛ ఉన్నవాళ్లు.

ఇప్పుడు జగిత్యాల నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్‌ను చూడండి. ఎండకు కాలిన ఇనుప కడ్డీల మీద వంగి, కొక్కెంతో బైండింగ్ వైరు మెలిపెడుతుంటాడు. పై అంతస్తులో నడుముకున్న బెల్టు హుక్కు తగిలించాడో లేదో అతని ముందుమెదడే గుర్తుపెట్టుకోవాలి. నాలుగింటికి కొలత తప్పితే ఫోర్‌మన్ "మొద్దు" అని తిడతాడు. మొద్దుబారింది మనిషి కాదు, వేడికి అలిసిన మెదడు.

ఊళ్లో పొలం పని చేయలేదా అంటారు కొందరు. చేశాడు, తెల్లారకముందే దిగి ఎండ ముదిరితే చెట్టు కిందకు పోయాడు. ఇక్కడ చెట్టూ లేదు, చాయిసూ లేదు. వ్యాయామం మెదడుకు మంచిదని చెప్పే అధ్యయనాన్నే చూడండి. 2011లో ఎరిక్సన్ అనే పరిశోధకుడి బృందం అమెరికాలో 120 మంది పెద్దవాళ్లను ఏడాదిపాటు పరిశీలించింది. నడిచినవాళ్లలో జ్ఞాపకాలకు ఆయువుపట్టైన హిప్పోకాంపస్ 2 శాతం పెరిగింది. వాళ్లు నడిచింది వారానికి మూడుసార్లు, 40 నిమిషాలే. మిగతా వేళ విశ్రాంతి, నిద్ర. ఎనిమిది గంటల డ్యూటీ, ఆపైన ఓవర్‌టైమ్, ఆ తర్వాత పలువురితో పంచుకున్న గదిలో కునుకు: దీన్ని ఆ నడకతో ఎలా పోలుస్తాం?

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపాలన్న ఎమిరేట్స్ నిబంధనను కాదనను. ఎంతోమందికి ఊపిరి పోసింది. అయితే అది గడియారాన్ని చూస్తుంది, ఉక్కపోతను చూడదు. పక్కనున్న ఖతర్ 2021లోనే వేళలతోపాటు ఎండనూ తేమనూ కలిపి కొలిచే సూచీ 32.1 దాటితే ఏ వేళైనా పని ఆపాలని రాసుకుంది. ఆ కొలమానం దుబాయ్ సైటు గేటుకూ కావాలి. క్యాంపులో వ్యాయామం గురించి మాట్లాడాలనుకుంటే ముందు అక్కడి నిద్ర గంటల గురించి మాట్లాడండి.